వంకరకుట్టు కానుక

కానుక యెంత చిన్నదైనను ఇచ్చువాని మనస్సు మంచిదైన చాలునని లోకము పలుకును. పలుకుటయేగాని ఆ మాటను లోకము నమ్ముచున్నట్లు మాకు తోచదు. నమ్మినచో పెండ్లిపందిటిలో చదివింపుల పుస్తక మేల? ఒకడు కలము పట్టి కూర్చుండును; మరియొకడు ఫలానా గ్రామ కాపురస్థులు, ఫలానావారు, నూటపదార్లు అని పదిమందికిని వినబడునట్లు చదువును. ఆ పుస్తకము పెట్టెలో భద్రముగా నుండును. పదేండ్ల పిమ్మట ఆ ఫలానావారి యింట పెండ్లి తటస్థించినప్పుడు దానిని వెలికిదీసి చూచి, అంతయో అంతకు కొంచెము హెచ్చో ముట్టజెప్పుదురు. ఇప్పుడు మైకు వచ్చినది, కవరు వచ్చినది, చేతిఫోనునుండియే సొమ్ము పంపు సదుపాయమును వచ్చినది, పుస్తకము మాత్రము పోలేదు. ఇందులో మేము తప్పు పట్టబోము. పేదవాని యింటి పెండ్లిఖర్చును ఊరందరు తలకొంచెము మోయుటకు పూర్వులు కనిపెట్టిన యుపాయమిది, మిక్కిలి మంచిది. కాని యిది చేబదులు. దానికి కానుక యను పేరు మర్యాదకొరకు పెట్టబడినది.

మా ఆత్మకూరు ఉదయగిరి ప్రాంతములలో ఇంటికి వచ్చిన ముత్తైదువకు బొట్టుపెట్టి, పండు తాంబూలములతో రవికగుడ్డ నిచ్చి పంపుట వాడుక. ఈ రవికగుడ్డ చరిత్రము వ్రాయదగినది. పుచ్చుకొన్న యామె దానిని కుట్టించుకొనదు. బీరువాలోనుంచి, మరియొక ముత్తైదువ వచ్చినప్పుడు ఆమె చేతిలో పెట్టును. ఆమె దానిని వేరొకతెకు పెట్టును. ఇట్లు వీధులు తిరిగి తిరిగి, ఒక్కొక్కప్పుడు అది మొదట ఇచ్చిన యిల్లాలి యొడిలోనికే మరల వచ్చి పడుటయు కలదు. ఆమె గుర్తుపట్టియు గుర్తుపట్టనట్లే పుచ్చుకొనును. ఈ సంచారమునకు కారణము ఆ గుడ్డ కుట్టబడకుండుటయే. కుట్టని గుడ్డ నాణెమువంటిది, ఎవరికైనను చెల్లును. దానిపై కత్తెర పడినదా, అది ఒక్కరిదైపోవును. ఒకరి భుజముల వెడల్పునకును ఒకరి చేతుల లావునకును కత్తిరించిన రవిక రెండవవారికి పనికిరాదు. దర్జీయొద్దకు పోవునప్పుడు ఆడువారు ఆదిరవికను వెంట దీసికొని పోవుట యిందులకే. కాబట్టి ఒకరికొరకని తలచి ఒక వస్తువును తన చేతితో కుట్టినవాడు, ఆ యొక్కరిని తప్ప మరి యెవ్వరిని సంతోషపెట్టజాలడు. చదివింపులవాడు ఏమియు ఒడ్డడు. రవికగుడ్డ పెట్టిన యామెయు ఏమియు ఒడ్డదు. కుట్టి యిచ్చువాడో, తనకు కలిగిన దంతయు ఒక్క పావుపై ఒడ్డినవాడు. పుచ్చుకొన్నవారు మెచ్చకపోయినచో ఆ వస్తువును తీసికొనిపోయి ఇంకొకరి కిచ్చుటకైనను వీలులేదు.

పనివాడు కుట్టినప్పుడే యింత అపాయమున్నదికదా, పని రానివాడు కుట్టినచో చెప్పవలెనా? మేము విచారింపబూనిన ప్రశ్న యిదియే. సూది పట్టి నెలయైనను కాని యొక బాలిక తల్లికి రవికయో, తాతకు తలగడగలేబో, స్నేహితురాలికి చేతిసంచియో కుట్టి యిచ్చును. అంచులు కలియవు, కుట్లు ఒకటి చీమంత, ఒకటి గొంగళిపురుగంత. బజారులో అంతకంటె చక్కనిది అంతకంటె తక్కువ వెలకు దొరకును. ఇట్టి వస్తువునకు నిజముగా విలువ కలదా? లేక, విలువ కలదని ఇచ్చువారును పుచ్చుకొనువారును కలిసి ఆడు చిన్న నాటకమా?

నాటకమే యనువారి వాదము బలహీనమైనది కాదు. దానిని బలముగా నెట్టి చూపుటకు మా ప్రాంతమునుండియే ఒక దృష్టాంతము తీసికొందుము. ఉదయగిరి కొండ యెత్తు సుమారు 3,000 అడుగులు. 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచిన దుర్గ మదియే. పైవారు దుర్గము పేరు విని వత్తురు. పోవునప్పుడు కొయ్యచెంచాలు కొని పోవుదురు. ఆ కొండలలో దొరకు నర్ది, బిక్కి, పాలబరిక మున్నగు కొయ్యలతో ఉదయగిరిలో చెంచాలు, గరిటెలు, ముండ్లచెంచాలు చెక్కుదురు. తరతరములుగా ఈ పని చేయుచున్నవారు ముఖ్యముగా మహమ్మదీయ కుటుంబములవారు. వారిలో స్త్రీలు అనేకులు. పిడిపై లతలును పూవులును తొలిచిన చెంచాను చేతిలో పట్టుకొన్నవారికి, ఇది వేలకొలది చెంచాలు చెక్కిన చేయి అని వేరుగా చెప్ప నక్కరలేదు. ఈ వస్తువునకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపును లభించినది. ఇప్పుడు వాది యడుగును: మిత్రునికి కొయ్యచెంచా యీయదలచితివి, వీధి చివర ఇంత చక్కని చెంచా యుండగా నీవు కత్తి పట్టి, వ్రేలు కోసికొని, సగము విరిగిన దొకటి చెక్కి యిచ్చుట స్నేహమా, డంబమా? నీవు పెట్టిన శ్రమ నీ మిత్రునికి కూరలో రుచి కలిగించునా? పైగా ఆ చెంచా కొనకపోవుటవలన పనివాని కూటిలో నొక ముద్ద తగ్గినదికదా?

ఈ కడపటి మాట ఆలోచింపదగినది. చేతిపనిని గూర్చి మురియుచు వ్రాయువారు చేతిపనివానిని మరచుట తరచుగా జరుగుచున్నది. వస్తువు వాడుకకొరకైనచో పనివానియొద్దనే కొనవలెను. అడిగిన వెల నీయవలెను. ఈ విషయమున మాకు సందేహము లేదు. అయితే పని నేర్వబూనినవానివలన పనివానికి నష్టమను మాట అనుభవమునకు విరుద్ధము. రవికకు కాజాలు కుట్టించుకొని, నాలుగు కాజాలకు ఇంతయా యని దర్జీతో తగవులాడు గృహిణిని చూడుడు. ఆమె కూతురు ఒక్క మధ్యాహ్నమంతయు కూర్చుండి ఒక్క కాజా కుట్టుటకు పాటుపడనిండు. దారము ముడిపడును, గుడ్డ అంచు పీచులు పీచులుగా ఊడివచ్చును, తీరా కుట్టిన పిదప గుండీ దూరదు, దూరినచో నిలువదు. సాయంకాలము తల్లి ఆ గుడ్డను త్రిప్పి త్రిప్పి చూచును. ఇక ఆ యింటివారు దర్జీతో కాజాల వెలగూర్చి తగవులాడరు. ఉదయగిరి చెంచా వెల న్యాయమైనదా కాదా యని తెలియగోరువాడు ఒక కట్టెముక్కను తానే చెక్కి చూచుకొనుట మంచిది.

కావున పనివాని వస్తువునకును నేర్చుకొనువాని వస్తువునకును పోటీయే లేదు. రెండింటిని ఒకే త్రాసులో వేయుటయే చిక్కునకు కారణము. ఇక రెండవ త్రాసు ఎట్టిదో చూడవలెను. అందులకు నేర్చుకొనువాని యనుభవమును కొంచెము దగ్గరనుండి గమనించుట యవసరము.

సూదికి దారము ఎక్కించుటతోనే వినయము ప్రారంభమగును. దారపు కొస తడిచేసి, రెండు వ్రేళ్ళ నడుమ నొత్తి, వెలుతురుకు పట్టి, ఊపిరి బిగించి, సూదిబెజ్జమునకు చేర్చినచో అది ప్రక్కనుండి పోవును. పొడవైన దారము తీసికొన్న మాటిమాటికి ఎక్కించు బాధ తప్పునని క్రొత్తవా రందరు అనుకొందురు. పొడవైన దారము నాలుగు కుట్లకే చిక్కుపడును. తొందర యెక్కువైనకొలది పని ఆలస్యమగు నను సత్యమును మేము బడిలో ఎన్ని ఉపన్యాసములు చేసినను పిల్లలు నమ్మరు. మూరెడు దారము ఒక్క గడియలో నమ్మించును. పరుగుకుట్టు సులభమందురు. నిజమే, అయినను పది కుట్లు సమానముగా పడుటకు పది దినములు పట్టును. పిమ్మట కాడకుట్టు, గొలుసుకుట్టు. చీరకు ఫాలు కుట్టుట నేటి బాలికలకు మొదటి పరీక్ష; లోపలినుండి చీరలో ఒకటి రెండు పోగులు మాత్రమే యెత్తి సూది దింపవలెను, పైకి కనబడరాదు. ఎవరును చూడకుండుటకై పాటుపడు పని లోకములో మరి యెన్ని గలవో చదువరులే లెక్కింతురుగాక.

అన్నిటికంటె పెద్ద పాఠము విప్పుట. కుట్టినదానిని విప్పవలసివచ్చినప్పుడు క్రొత్తవానికి కలుగు దుఃఖము చూచి నవ్వుకొందుముగాని అది నవ్వదగినది కాదు. రెండు దినముల పని రెండు నిముసములలో దారపు ముక్కలగును. గుడ్డపై సూదిపోట్ల వరుస మాత్రము మిగులును. వ్రాతలో తప్పు పోయినచో కొట్టివేసి ప్రక్కన వ్రాయవచ్చును; మాటలో తప్పు పోయినచో మరియొక మాటతో కప్పవచ్చును. గుడ్డ యట్టి దాక్షిణ్యము చూపదు. చేయి వంకర పోయినచో వంకర, అంతియే. చదువుకొన్నవారికి ఇట్టి గురువు దొరకుట యరుదు. అందుచేత చదువుకొన్నవా రందరును, మగవారితో సహా, కొన్నాళ్ళయినను సూది పట్టవలెనని మా మతము.

ఇచ్చట ఒక చిన్న సందేహము తీర్చవలెను. త్రొక్కుడుమిషనుపై కుట్టినది చేతిపని యగునా? హోవె యనువాడు కుట్టుమిషనుకు పేటెంటు పొందినది 1846లో. సింగరు పొందినది 1851లో. యంత్రములయెడ అంతగా ప్రీతిలేని గాంధీగారు సైతము 1924లో ఒక విద్యార్థితో ముచ్చటించుచు సింగరుమిషనును తమ నిషేధమునుండి మినహాయించిరి. భార్య కుట్టు శ్రమ చూడలేక సింగరు ఆమెపై ప్రేమచే దానిని కల్పించెనని వారి నమ్మకము. సింగరు జీవితచరిత్రము చదివినవారు ఈ కథను ఒప్పుకొనరు. ఆయన గృహస్థజీవితము ఒక భార్యతోను, ఒక కాపురముతోను తీరినది కాదు. అయినను గాంధీగారి తీర్పు సరియైనదే. మిషను కుట్టును వేగిరపరచునుగాని, ఎవరికి కుట్టవలెను, ఎంత కొలత తీయవలెను అను సంగతి కుట్టువానికే విడిచిపెట్టును.

సూది మనదేశమున క్రొత్తగా వచ్చిన పరికరము కాదు. ఋగ్వేదమున రాక యను దేవతను, విరుగని సూదితో పనిని కుట్టుమని వేడుకొన్న మంత్ర మొకటి కలదు. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో సూదిపని చేరినది; వ్యాఖ్యాత దానిని విభజించి రవికలవంటివి కుట్టుట, చిరిగిన బట్టలను బాగుచేయుట, పరచుకొను కప్పుళ్ళు కూర్చుట యని మూడు తెరగులుగా చెప్పెను. అమరసింహుడు దర్జీకి తున్నవాయుడు, సౌచికుడు అను పేర్లు ఇచ్చెను. ఇంత ప్రాచీనమైనదై యుండియు, మన యాచారవంతుల యిండ్లలో కుట్టిన బట్ట మడికి పనికిరాదు. దేవునియెదుట నిలుచునప్పుడు కత్తెరయు సూదియు తగులని బట్ట కావలెను. దీనికి శాస్త్రకారణము లెన్ని చెప్పినను, ఇంటి గడపకు వెలుపల నిలిచిన దర్జీ ఆ కారణములలో నొకడని మాకు అనుమానము. పని ఆవశ్యకము, పనివాడు తక్కువవాడు అను దుర్న్యాయము చెంచా చెక్కువానియెడలను, చెప్పు కుట్టువానియెడలను, కుండ చేయువానియెడలను ఒకే రీతిగా నడచినది. చేతిపనిని బడిచదువునకు నడుమ నిలుపవలెనని 1937లో వార్ధాలో సమావేశమైన విద్యావేత్తలు తలచినప్పుడు, వారికి అడ్డుపడినది డబ్బు లేమి మాత్రమే కాదు. ఈ చిన్నచూపుకూడ అడ్డుపడినది. తకిలీలు తరగతిగదులలోనికి వచ్చినవి. పిదప మూలల చేరినవి.

మరియొక యన్యాయమును దాచిపెట్టి సూదిని పొగడుట మాకు ఇష్టములేదు. పెండ్లిచూపులకు వచ్చినవారు పిల్లకు పాట వచ్చునా, వంట వచ్చునా, కుట్టు వచ్చునా యని అడిగెడి దినములుండెను. గోడపై అద్దము బిగించిన పటములో చిలుకలును, నల్లపూసల హంసలును, స్వాగతాక్షరములును పిల్ల చేసినవేయని తల్లి చూపించెడిది. కొన్ని యిండ్లలో ఆ హంసలు ఎదురింటినుండి ఎరువు వచ్చినవి. ఆ గుట్టు ఊరంతకును తెలియును, వియ్యంకులకు తప్ప. ఎరువు తేలేని పిల్లలు కండ్లు పుండ్లగునట్లు కుట్టిరి. అత్తవారియింట ఆడుబిడ్డలకు, మరదులకు, వారి పిల్లలకు కుట్టి కుట్టి యిచ్చిన కోడండ్రను గూర్చి కోడలిచేతి కానుకలని మురిసినవారున్నారు. కాదనుటకు వీలులేనివారు ఇచ్చినది కప్పము. చేతితో చేసినంతమాత్రమున ఏ వస్తువును పవిత్రము కానేరదు. ఆమె కీయకుండుటకు స్వాతంత్ర్యము కలదా యని మొదట అడుగవలెను. అటుపిమ్మట కుట్టు వంకరయా చక్కనా యని చూడవచ్చును.

మగపిల్లల సంగతి దీనికి వ్యతిరేకము. వారికి నిర్బంధము లేదు; అనుజ్ఞయు లేదు. ఊడిన గుండీని తానే కుట్టుకొను విద్యార్థిని చూచి తోటివారు నవ్వుదురు. ఆత్మకూరు బజారులో మిషను త్రొక్కుచు కుటుంబమును పోషించు పురుషులు ఎందరో యున్నారు; వారిని చూచి ఎవరును నవ్వరు. కూలికి కుట్టిన మగతనము నిలుచును, చెల్లెలికి బొమ్మ కుట్టియిచ్చిన పోవునట! ఈ తర్కము మాకు ఎన్నడును బోధపడలేదు.

ఇక పుచ్చుకొనువారి ధర్మము. ఈ విషయమున మనకు కుచేలుని కథ యుండనే యున్నది. ఆ కథలో అటుకులను గూర్చి అందరును తలతురు. మేము తరచుగా తలచునది ఆ బ్రాహ్మణుని సిగ్గును. భార్య యెట్టెట్లో సంపాదించి చినిగిన బట్టకొంగున కట్టియిచ్చిన అటుకులను ద్వారకలోని మేడలు చూచిన పిదప ఆయన చంకలో దాచుకొనెను. ఇచ్చుటకు వచ్చి, ఈయలేకపోయెను. కృష్ణుడు తానై చేయిచాచి లాగుకొననిచో ఆ కానుక ఆ దినము కానుకయే కాకపోవును. నేర్చుకొనువారు తెచ్చిన వస్తువులో నూటికి తొంబది ఇట్లే వెనుకకు దాచబడుచుండును. వాని నడుగువారు కావలెను.

అడుగుటకు మారుగా పొరబడువారును కలరు. 1947 నవంబరు 20వ తేదీన ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్తు వివాహమునకు గాంధీగారు ఒక నూలువస్త్రమును పంపిరి. ఆ నూలు ఆయన స్వయముగా వడకినది. దానితో అల్లిన వస్త్రము నడుమ జైహింద్ అను అక్షరములు కూర్పబడెను. రాజ్యములేలువారు పంపిన రత్నముల నడుమ దానిని ప్రదర్శింపగా, పెండ్లికూతురి నాయనమ్మయైన మేరీరాణి అది గాంధీగారి కొల్లాయిగుడ్డ కాబోలునని తలచి మిక్కిలి నొచ్చుకొనెనట. ఒకడు తన దినములలో కొన్ని గడియలను తీసి నూలుగా మార్చి పంపెను. మరియొకరికి అది మురికిపాత వలె కనబడెను. రాణి దుష్టురాలు కాదు. ఆమెకు వస్తువు వెల చూచుట అలవాటు, దాని వెనుకనున్న గడియలు చూచుట అలవాటు లేదు. ఈ యలవాటు లేమికి రాణులే కానక్కరలేదు.

పొరబడనివారికి మరియొక చిక్కు కలదు. బాగుండని వస్తువును బాగున్నదని చెప్పవచ్చునా? సత్యమును ప్రియముగా చెప్పవలెననియు, ప్రియమైనదైనను అసత్యమును చెప్పరాదనియు స్మృతి విధించినది. ఆత్మకూరులో మే మెరిగిన యొక యింట పదునాలుగేండ్ల బాలిక తల్లి పుట్టినదినమునకు రవిక కుట్టినది. ఆదిరవికను రహస్యముగా తీసి కొలతలు తీసికొన్నది. మ్యాచింగు సెంటరునుండి తన డబ్బులతో గుడ్డ తెచ్చుకొన్నది. చేతిఫోనులో పాఠములు చూచి కత్తిరించినది. చంకలో గుడ్డ చాలలేదు. తల్లి తొడుగుకొన్నది; చేయి పైకెత్తలేకపోయినది. ఎంత బాగున్నదో యని పొగడి పెట్టెలో దాచియుండవచ్చును. నూటికి తొంబదిమంది తల్లు లనదగినంతమంది అట్లే చేయుదురు. ఈమె అట్లు చేయలేదు. ఆ దినమంతయు ఆ రవికతోనే ఇంటిపనులు చేసికొన్నది. రాత్రి భోజనములైన పిదప దానిని విప్పి, దీపముక్రింద కూతురిని కూర్చుండబెట్టుకొని, వీపున కుట్టు మిక్కిలి నేరుగా వచ్చినదని వ్రేలితో తడవి చూపి, చంకలో బిగిసినచోటును చూపి, ఇచ్చట విప్పి చిన్న ముక్క వేసిన సరిపోవునని చెప్పినది. ఇద్దరును కూడి విప్పిరి. పిల్ల కొంచెముసేపు ముఖము ముడుచుకొన్నది. ముక్క వేసినప్పుడు మరచిపోయినది.

ఈ తల్లి సత్యమునకును ప్రియమునకును నడుమ బేరము చేయలేదని మే మనుకొందుము. ఆమె పొగడినది నిజముగా పొగడదగిన భాగమును. లోపమును చెప్పుటకు ముందు పగలంతయు ఆ లోపమును తన యొంటిపై మోసినది. వట్టి పొగడ్త వినిన పిల్ల రెండవ రవికనుకూడ చంకలో బిగించియే కుట్టును. మూడవదానికి తల్లి పెట్టెలో చోటు చాలదు. ఏదో యొకనాడు ఆ పెట్టె తెరచి, తాను కుట్టినవన్నియు మడత విప్పకుండ ఉండుట ఆ పిల్లయే చూచును. తప్పుడు పొగడ్తవలన కలుగు నాటి దుఃఖముముందు నేటి ముఖముడుచుట యెంతపాటి?

ఇంతవరకు పుచ్చుకొనువారిని మందలించితిమి. ఇచ్చువారినికూడ కొంచెము మందలించుట న్యాయము. తన చేతితో చేసి యిచ్చినవానికి ఒక దుర్గుణము పట్టుట కలదు. నెలకొకసారి వచ్చి, తానిచ్చిన సంచి యెక్కడ, తలగడగలేబు కనబడదేమి యని కండ్లతోనే వెదకును. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో ప్రకటించిన గ్రంథమున, లోకములో ఏ జాతియందును కానుక వట్టి కానుక కాదనియు, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి యిచ్చుట అను మూడు కట్టుబాట్లు దానిని పట్టియుండుననియు వివరించెను. మన చదివింపుల పుస్తకము చూచియున్నచో ఆయన శ్రమ చాలవరకు తగ్గియుండును. నూటపదార్ల ఋణమును నూటపదార్లతో తీర్చవచ్చును. వంకరకుట్టు సంచి ఋణమును దేనితో తీర్చుట? పుచ్చుకొన్నవానికి కుట్టుట రాదు. కావున చేతికానుక డబ్బుకంటె బరువైన యప్పు కాగలదు. ఇచ్చినవాడు మరచినగాని పుచ్చుకొన్నవానికి విడుదల లేదు. భగవద్గీతలో తిరిగి ఉపకారము చేయజాలనివాని కిచ్చినదే సాత్త్వికదానమని చెప్పుటలో ఈ విడుదలయే లక్షింపబడినదని మేము గ్రహించితిమి.

శ్రమను లెక్కపెట్టి వసూలుచేయబూనిన నేమగునో స్వరాజ్యోద్యమమే చూపినది. 1921 ఏప్రిల్ 7వ తేదీన మా జిల్లాలో పెన్నయొడ్డున పల్లెపాడులో గాంధీగారు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిన నాటినుండి రాటము ఇండ్లలోనికి ప్రవేశించినది. సభలలో పూలదండకు మారుగా, తాము వడకిన నూలుదండ వేసినవారి ముఖముల వెలుగును ఆనాటి పెద్దలు చెప్పగా వింటిమి. 1924 బెల్గాము కాంగ్రెసులో నెలకు 2,000 గజముల నూలును సభ్యత్వపు చందాగా విధించిరి. తాము వడకలేనివారు, వడకనొల్లనివారు ఇతరులు వడకిన నూలైనను ఈయవచ్చునని సందు విడిచిరి. నూలు కొని కట్టినవారు బయలుదేరిరి. మరుసటి సంవత్సరమే ఆ విధిని సడలింపవలసివచ్చెను. దండగా వేసినప్పుడు కానుకయైన నూలు, గజములు కొలిచి అడిగినప్పుడు పన్నైనది.

దీనికి ప్రతిగా అదే మహాపురుషుని జీవితమున మరియొక కథ కలదు. దక్షిణాఫ్రికాలో ఆయన చెప్పులు కుట్టుట నేర్చుకొనెను. వైశ్యకులమున పుట్టి, బారిష్టరై, చర్మమును సూదిని పట్టుటయే ఆనాటికి పెద్ద సాహసము. తన్ను చెరసాలకు పంపిన జనరల్ స్మట్సుకు, 1914లో ఆ దేశము విడుచునప్పుడు, తాను కుట్టిన చెప్పులజత నొకదానిని కానుకగా ఇచ్చెను. స్మట్సు వానిని అద్దాలబీరువాలో పెట్టలేదు. అనేక వేసవులు తొడిగి తిరిగెను. గాంధీగారి డెబ్బదియవ జన్మదినము సందర్భమున 1939లో ఆ జతను ఆయనకే తిరిగి పంపెను. సర్వేపల్లి రాధాకృష్ణగారు అప్పుడు కూర్చిన సన్మానగ్రంథములో, అంతటివాని చెప్పులలో నిలుచుటకు తాను తగనని స్మట్సు వ్రాసికొనెను. ఇరువదియైదేండ్లు ఎవ్వరును ఎవ్వరిని అడుగలేదు. తిరిగివచ్చినప్పుడు అది అప్పు తీర్చుటగాను లేదు. ఇట్టి కానుకలు నూరేండ్ల కొకటి కనబడునేమో. ఎమర్సను 1844లో కానుకలను గూర్చి వ్రాయుచు, కవి కవితను, గొల్లవాడు గొఱ్ఱెపిల్లను, బాలిక తాను కుట్టిన చేతిరుమాలును తీసికొనివచ్చుటయే సరియైన పద్ధతియని తలచెను. ఆయన అమెరికా బాలికకు రుమాలు ఎట్లో, మా మెట్టపల్లెల ముసలమ్మకు బొంత యట్లు.

బొంతను గూర్చి చెప్పక ఈ వ్రాత ముగింపలేము. ఏలయన మా ప్రాంతమున క్రొత్తచేతికి మొదటి పని అదియే. వేసవి మధ్యాహ్నములలో, ఎండకు వీధులు నిర్జనమైనప్పుడు, ఉతికి ఉతికి మెత్తబడిన పాతచీరలను నట్టింట పరచి, మడతపై మడత వేసి, నాలుగు మూలల బరువులు పెట్టి, కదలకుండ దూరదూరముగా టాకాలు వేయుదురు. పిమ్మట నలుగురు నాలుగుప్రక్కల కూర్చుండి అంచునుండి నడిమికి కుట్టుకొని పోవుదురు. ముసలమ్మ యుండు ప్రక్క వరుసలు అచ్చుగ్రుద్దినట్లుండును. ఆమె ప్రక్కనే ఎనిమిదేండ్ల మనుమరాలికొక సూది యిచ్చి కూర్చుండబెట్టుదురు. ఆ పిల్ల కుట్టు పాము నడకగా పోవుచుండును. ఎవరును దానిని విప్పరు; బొంత కెంత కుట్టు పడిన అంత గట్టి. పురిటిబిడ్డకు క్రొత్తబట్టకంటె ఈ మెత్తనిదే హితము. బిడ్డ పుట్టకముందు బిడ్డకని పేరు పెట్టి కుట్టుటకు కొందరు జంకుదురు. ఆలు లేదు చూలు లేదు అను సామెత వారికి వెంటనే జ్ఞప్తికి వచ్చును. కావున ఇంటికని చెప్పి కుట్టుదురు, బిడ్డ పుట్టగానే బిడ్డదగును.

అమ్మమ్మ చీర, పెద్దమ్మ చీర, చనిపోయిన యత్తగారి చీర అందులో నుండును. బిడ్డ పెరిగి బొంత చినిగిన పిదప దానిని పారవేయరు. చినుగులకు అతుకులు వేసి, పైన రెండు పాతచీరలు క్రింద రెండు పాతచీరలు చేర్చి, దానిని నడిమిపొరగా పెట్టి మరియొక బొంత కుట్టుదురు. పాముకుట్టు వేసిన పిల్ల అప్పటికి పెద్దదై, ఈసారి ముసలమ్మ కూర్చుండు ప్రక్కన కూర్చుండును. లోపలిపొరలో తన కుట్టు ఏ వైపున నున్నదో ఆమెకును తెలియదు.